విడిగా పెట్టిన కంచం

మాంచెస్టర్,
17 మార్చి 2025

అత్తయ్యకి,

డయానా వందనాలు. మీ చెవి మిషను మళ్ళీ కూత పెడుతోందని ఆయన చెప్పారు. మొన్న వీడియో కాల్లో నేనేం చెప్పినా మీరు "సరే, సరే" అంటూ తలూపుతుంటే, పక్కన జెస్సీ నవ్వాపుకోలేక వంగిపోవడం నాకు కనబడింది. అందుకే ఇకనుంచి మీకు ఉత్తరాలు రాద్దామనుకున్నాను. కాగితం మీదైతే నా మాట మీకు పూర్తిగా అందుతుంది.

కంపెనీవాళ్ళు ఈ నెల నుంచి నన్ను కొత్త ఇంటికి పంపుతున్నారు. పెద్దావిడ పేరు హన్నా. ఎనభై దాటాయి. యూదుల కుటుంబం. భర్త లేరు. కూతురు రేచల్ రోజూ ఆఫీసు కాగానే వచ్చి పొద్దుపోయేదాకా ఉంటుంది. పగలంతా నేను. ఆవిడకి మతిమరుపు జబ్బు మొదలైంది. రోజూ నా పేరు అడుగుతారు. చెప్పగానే రోజూ "మంచి పేరు" అంటారు. స్నానం, మందులు, కాసేపు నడిపించడం, దగ్గర కూర్చుని తినిపించడం, ఇదీ పని. పోయినేడు చేసిన ఇళ్ళతో పోలిస్తే ప్రాణం హాయిగా ఉంది.

వాళ్ళకి వచ్చే నెలలో పస్కా పండగ. మనం ఆదివారం బడిలో నేర్చుకున్న పస్కానే అత్తయ్యా, ఇప్పటికీ చేస్తున్నారు. ఇంట్లో రొట్టె పొడి ఒక్క నలుసు కూడా మిగలకూడదట. సోఫా సందులు, కోటు జేబులు, సొరుగులు అన్నీ దులుపుతున్నారు. నేనూ ఓ చెయ్యి వేస్తున్నాను. నిన్న మోకాళ్ళ మీద కూర్చుని ఫ్రిజ్ కింద తుడిచాను. పండగ జరిగే ఎనిమిది రోజులూ ఆ ఇంట్లో అన్నం కూడా ఉండదట, పప్పు కూడా. ఆ రోజుల్లో నా అన్నం డబ్బా గుమ్మం లోపలికి తేవద్దన్నారు. ఇప్పుడు కూడా నాకు విడిగా ఒక కంచం, చెంచా, గ్లాసు పెట్టారు. వాళ్ళ గిన్నెలతో కలపకూడదు. వెనక గదిలో తింటాను. వాళ్ళ పద్ధతులు చాలా ఉన్నాయి, తీరిగ్గా రాస్తాను.

పండగ రాత్రి భోజనానికి నన్ను ఉండమన్నారు. చేదుకూరలు నిజంగానే పెడతారట. అది ఏం కూరో చూసి మీకు చెబుతాను.

జెస్సీ జుట్టుకి ఆదివారం ఆదివారం నూనె పెట్టండి. ఎక్కాలు ఎగ్గొడుతుంటే ఆయనకి చెప్పకండి, నాకు చెప్పండి. బస్సు వస్తోంది.

మీ కోడలు
డయానా


చల్లపల్లి,
30 మార్చి 2025

అమ్మా డయానా,

దేవుడు నిన్ను ఆ చలి దేశంలో కంటికి రెప్పలా కాయాలి. ఇక్కడ మేమంతా క్షేమం. జెస్సీ తలకి నూనె పెడుతున్నాను. ఎక్కాల సంగతి నన్నడక్కు, అది నాకంటే తెలివైంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫిలిప్ అవనిగడ్డ డిపోలో డ్యూటీ దిగి వచ్చాక వాడికీ చదివి వినిపించాను. నర్సు కోర్సు చదివిన పిల్లవి, ఫ్రిజ్ కింద మోకాళ్ళ మీద తుడవడానికా అంత దూరం వెళ్ళింది? ఎనిమిది రోజులు అన్నం లేకుండా ఎట్లా ఉంటావు? వెనక గదిలో కూర్చోబెట్టి విడిగా కంచం పెట్టారని రాశావు. అది రాసి, కింద పద్ధతులు అని రాశావు. మా రోజుల్లోనూ వాటిని పద్ధతులనే అనేవాళ్ళు.

ఫోన్లో అడిగితే బాగున్నానంటావు. పోయినేడూ అట్లాగే అన్నావు. ఒకే గదిలో ఆరుగురు పడుకున్నారని, జ్వరంతో పనిలోకి వెళ్ళావని, నీతో ఉన్న పెదకళ్ళేపల్లి అమ్మాయి వాళ్ళమ్మ చెబితే గాని మాకు తెలియలేదు. ఇప్పుడు బాగున్నానంటే నేను నమ్మేది ఎట్లా?

ఇంకొకటి. ఆ పండగ భోజనానికి కూర్చోవద్దు. ప్రభువును ఒప్పుకోనివాళ్ళ ఆరాధన అది. వేరేవాళ్ళ పూజలో పెట్టింది మనం తినం. ఈరోజు ఉగాది. రైతుగారింటి పద్మావతమ్మగారు ఎప్పటిలాగే స్టీలు గిన్నెలో పచ్చడి తెచ్చి గుమ్మం దగ్గర ఇచ్చారు. ఎప్పటిలాగే పుచ్చుకున్నాను. పచ్చడి మల్లెపాదులో పోసి, గిన్నె కడిగి పంపించాను. క్రిస్మస్‌కి మనం పంపే కేకు వాళ్ళ పాలేరు తింటాడని నాకూ తెలుసు. ఇన్నేళ్ళుగా ఒకరిది ఒకరం తినకుండానే ఇచ్చిపుచ్చుకుంటున్నాం. అదే మర్యాదగా సాగిపోతోంది. నువ్వూ మర్యాదగా వద్దని చెప్పు.

చలికోటు గుండీలు పెట్టుకుని తిరుగు.

సంపూర్ణమ్మ


మాంచెస్టర్,
14 ఏప్రిల్ 2025

అత్తయ్యకి,

మీ ఉత్తరం శనివారం పొద్దున అందింది. ఆ రాత్రే పండగ. తినవద్దని రాశారు. నేను తిన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మిగతాది చదివాక కోప్పడండి.

హన్నా గారికి సూపు తాగించి, వంటింట్లో నిలబడి ఏదో ఇంత తిని, ఆవిడని పడుకోబెట్టి వచ్చేద్దామనుకున్నాను. ముందుగది నిండా జనం. రేచల్ పిల్లలు, ఆడబిడ్డ కుటుంబం, ఎవరో ఒంటరిగా ఉండే ముసలాయన. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి కొవ్వొత్తులు పెట్టారు. రేచల్ భర్త పుస్తకం తెరిచి చదవబోతుంటే హన్నా గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ అమ్మాయి ఏది?"

"వంటింట్లో ఉందమ్మా," అంది రేచల్.

"ఆ అమ్మాయి కూర్చునేదాకా మొదలుపెట్టేది లేదు."

ఈ మధ్య ఆవిడ అంత స్పష్టంగా మాట్లాడింది అదే. కుర్చీ ఇంకోటి తెచ్చి ఆవిడ పక్కనే వేశారు. నా ముందు పెట్టింది వెనక గదిలో కంచం కాదత్తయ్యా, పండక్కి బయటికి తీసే వాళ్ళ కంచాల్లో ఒకటి. అంచు చుట్టూ సన్నటి నీలం గీత ఉంది. చెయ్యి జారి పగిలిపోతుందేమోనని మొదట నాకు అదే భయం.

ముందు కొత్తిమీర లాంటి ఆకు ఒకటి ఉప్పునీళ్ళలో ముంచి ఇచ్చారు. ఆ నీళ్ళు వాళ్ళ పెద్దల కన్నీళ్ళట. తర్వాత పొంగని రొట్టె. మన అప్పడం కన్నా మందం, చూడ్డానికి అట్టముక్క. నోట్లో ఉన్న తడంతా అదే పీల్చేసింది. ఆపిలూ వాల్‌నట్లూ దంచి దాల్చినచెక్క కలిపిన ముద్ద ఒకటి ఉంది. అది వాళ్ళ పెద్దలు ఐగుప్తులో బానిసలుగా ఉండగా ఇటుకలకి తొక్కిన బురదకి గుర్తట. బురద అన్నారు గాని తియ్యగా ఎంత బాగుందో.

ఇక చేదుకూర. నేను కాకరకాయలాంటిదేమో, నాకు లెక్కలేదులే అనుకుని పెద్ద చెంచాతో పెట్టుకున్నాను. అది కూర కాదు, ముల్లంగిలాంటి ఒక వేరు తురుము. చేదు కాదు, ఘాటు. మన పచ్చిమిరపకాయ నాలుక మీద మండుతుంది, ఇది ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. ఊపిరాడలేదు. పిల్లలు నవ్వుతున్నారు, వాళ్ళ కళ్ళలోనూ నీళ్ళే. బల్ల చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం ఘాటు దిగిపోయాక కూడా ఆగలేదు. ఈ దేశం వచ్చాక నేను ఏడవడం అదే మొదలు. అందరి కళ్ళలోనూ నీళ్ళున్నప్పుడు ఏడిస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. హన్నా గారికి తెలిసింది. నాకు కూతురుందని ఎన్నోసార్లు చెప్పాను, ఎన్నోసార్లు మర్చిపోయారు. ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని, "మీ పాప ఈపాటికి నిద్రపోతూ ఉంటుందా?" అని అడిగారు. అవునన్నాను.

భోజనాలయ్యాక ఏలీయా ప్రవక్త వస్తాడని వీధి తలుపు తీస్తారట. నన్ను తియ్యమన్నారు. తీశాను. బయట చలి, ఎదురింటి పిల్లి, అంతే. వెనకాల అందరూ లేచి నిలబడి ఏదో చదువుతున్నారు. చిత్రమేమిటంటే నాకు అక్కడ పరాయిగా అనిపించలేదు. వేరేవాళ్ళ పూజ అని రాశారు. మన ప్రభువు సిలువకి ముందు శిష్యులతో కూర్చున్నది ఈ భోజనానికే కదా. ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు మన చర్చిలో ప్రభువు బల్లే గుర్తొచ్చింది. తప్పు చేశానని అనిపించడం లేదు. మీకు అలా అనిపిస్తే రాయండి, కాని నన్ను దిద్దడానికి కాదు, మీరేమనుకుంటున్నారో నాకు తెలియాలి, అందుకు.

మీ కోడలు
డయానా


చల్లపల్లి,
17 ఏప్రిల్ 2025

అమ్మా డయానా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నిన్న ఫిలిప్ ఫోన్ చేసి గొంతు అట్లా ఉందేంటని అడిగితే, "ఏమీ లేదు, మొన్న పండగ భోజనంలో ఏడ్చాను," అన్నావట. అంతలో లైను తెగింది. మళ్ళీ చేస్తే నువ్వు తీయలేదు.

నేను ఇంక ఊరుకోలేదు. ఫిలిప్ చేత నిన్ను పంపిన విజయవాడ ఏజెంటుకి మెయిలు పెట్టించాను. మాటలు నావే. మా కోడలికి అన్నం పెట్టడం లేదు, వెనక గదిలో విడి కంచంలో పెడుతున్నారు, నేల తుడిపిస్తున్నారు, పండగపూట ఏడిపించారు, వెంటనే ఆ ఇంట్లోంచి తీసేసి మనుషులుండే ఇంట్లో వెయ్యండి అని రాయించాను. వాడు ముందు నిన్నొకసారి అడుగుదామన్నాడు. అడిగితే బాగున్నానంటుంది, అంతేగా అన్నాను. ఏజెంటు ఆ మెయిలు మీ కంపెనీకి పంపించానని ఫోన్ చేశాడు. మంచివాడే పాపం.

ఈ సాయంత్రం ప్రభువు రాత్రి భోజన ఆరాధన ఉంది. నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తాను. నువ్వు ఇంక దేనికీ భయపడక్కర్లేదు, నీ వెనక మేమున్నాం.

సంపూర్ణమ్మ


మాంచెస్టర్,
25 ఏప్రిల్ 2025

అత్తయ్యకి,

మంగళవారం నన్ను ఆఫీసుకి పిలిచారు. ఒక మెయిలు చదివి వినిపించారు. అది మన ఇంట్లోంచి వచ్చిందని మొదట నమ్మలేదు. ఆయనకి ఫోన్ చేసి అడిగితే, "అమ్మ రాయమంది," అన్నారు.

ఇక్కడ అలాంటి మెయిలు వస్తే దాన్ని పక్కన పెట్టరు. విచారణ తేలేదాకా నన్ను ఆ ఇంటికి వెళ్ళొద్దన్నారు. ఇద్దరు ఆఫీసర్లు రేచల్ ఇంటికి వెళ్ళి మీరు పనిమనిషిని ఆకలితో మాడుస్తున్నారా అని అడిగారట. నన్ను తన తల్లి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషిని. రేచల్ నాకు ఫోన్ చేయలేదు. నేను చేద్దామంటే చేయకూడదన్నారు. నేను అబద్ధం ఆడానని తేలితే కంపెనీ నన్ను తీసేస్తుంది. కంపెనీ తీసేస్తే వీసా పోతుంది.

ఇప్పుడు హన్నా గారి దగ్గరికి ఇంకో అమ్మాయి వెళ్తోంది. ఆ అమ్మాయి చేతి ముద్ద ఆవిడ నోట్లోకి తీసుకోవడం లేదట. ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను.

ఆ కంచం సంగతి చెబుతాను, వినండి. వాళ్ళు పాలకి వేరే గిన్నెలు వాడతారు, మాంసానికి వేరే గిన్నెలు. ఒకదాంట్లోది ఒకదానికి తగలకూడదు. పండక్కి మళ్ళీ వేరే. బయట వండింది ఏదైనా సరే ఆ గిన్నెల్లో పడకూడదు. రేచల్ కూడా తన కాఫీ కప్పు గుమ్మం బయటే వదిలి లోపలికి వస్తుంది. ఆ నియమం తిండికి, మనిషికి కాదు. నేల తుడవమని నన్నెవరూ అడగలేదు. వాళ్ళంతా తుడుస్తుంటే నేనే చెయ్యి వేశాను. ఏడ్చింది జెస్సీ కోసం. ఆ రాత్రి సంగతంతా ఒక ఉత్తరంలో రాసి పంపాను, అది మీకు చేరేలోగానే మీరు మెయిలు పెట్టించారు.

నేను నిజం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. చదివి ఆఫీసరు ఒక మాట అడిగాడు. "సరే, ఇందులో ఏదీ నిజం కాదు. మరి మీ ఇంట్లోవాళ్ళు ఎందుకలా అనుకున్నారు?" దానికి జవాబు మీ దగ్గరుందా?

డయానా


చల్లపల్లి,
7 మే 2025

అమ్మా డయానా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. పండగ గురించి రాసింది ముందు, కోపంగా రాసింది తర్వాత. మొదటిది చదివినప్పుడే నా పొరపాటు తెలిసింది. అప్పటికే చేయాల్సిందంతా చేసేశాను.

ఆ ఆఫీసరు అడిగినదానికి జవాబు నా దగ్గరుంది. ఫిలిప్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు విజయవాడలో హాస్టల్లో పెరిగినదానివి, నీకు చెప్పాల్సిన పని పడలేదు.

పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో పద్మావతమ్మగారి మామగారి పొలంలో పనికి వెళ్ళేదాన్ని. ఊడ్పులకీ, మినుము పీకడానికీ. మధ్యాహ్నం వాళ్ళ దొడ్లో పశువుల కొట్టం దగ్గర అన్నం పెట్టేవాళ్ళు. మన పేట వాళ్ళకని సత్తు కంచాలు, సత్తు గ్లాసులు ఆ కొట్టం చూరులో దోపి ఉంచేవాళ్ళు. మనమే తీసుకోవాలి, తిన్నాక మనమే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. మజ్జిగ పైనుంచి పోసేవాళ్ళు, వాళ్ళ చెంబు మన గ్లాసుకి తగలకుండా. పెద్దావిడ, అంటే పద్మావతమ్మగారి అత్తగారు, ఒక్కనాడు తిట్టలేదు, కడుపునిండా పెట్టేది. ఎవరైనా కొత్తపిల్ల అడిగితే, "అది పద్ధతిలేవే," అనేది. తిడితే తిరిగి తిట్టుకోవచ్చు. నవ్వుతూ పెట్టే మనిషిని ఏమంటాం?

ఫిలిప్ కడుపులో ఉండగా ఒకరోజు మినుము పీకుతుంటే ఎండకి కళ్ళు తిరిగాయి. కొట్టం దగ్గరికొచ్చి కూలబడ్డాను. పద్మావతమ్మగారు కూడా అప్పుడు కొత్త కోడలే. చూరు వైపు చూడకుండా ఇంట్లోంచి కంచు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. తాగాను. అత్తగారు అరుగు మీంచి చూసింది. వచ్చి, నా చేతిలోంచి కాదు, నేను కింద పెట్టాక ఆ గ్లాసుని పుల్లతో దొర్లించి కాలవలో పడేసింది. పద్మావతమ్మగారు తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆ కాలవ గట్టు మీదుగానే ఇంటికొచ్చాను. నీళ్ళు తక్కువ, గ్లాసు కనబడుతూనే ఉంది. కంచుది, కొత్తది. దిగి తీసుకుందామని కూడా అనిపించలేదు.

నీ ఉత్తరంలో విడిగా కంచం, చెంచా, గ్లాసు అని చదవగానే నాకు ఆ చూరు కనబడింది. చదువుకుని సముద్రాలు దాటి వెళ్ళినా నా కోడల్ని అక్కడా చూరు కిందే కూర్చోబెట్టారు అనుకున్నాను. ఇంకేదైనా అయి ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. ఫిలిప్ అడుగుదామన్నాడు, అడగనివ్వలేదు.

నేను రాయించింది అబద్ధమని నాకు అప్పుడు తెలియదు. కాని దానివల్ల ఒక పెద్దావిడ నోటి దగ్గరి ముద్ద పోయింది. ఆ సంగతి తలుచుకుంటే అన్నం దిగడం లేదు. ఆఫీసుకి ఈ మాటలే చెప్పు. తప్పు నాదని చెప్పు. నా పేరు, ఊరు రాసుకోమను. కావాలంటే నేను రాసి సంతకం పెట్టి పంపిస్తాను.

ఆ బల్ల దగ్గర నువ్వు కూర్చోవడం తప్పా కాదా అని అడిగావు. నాకు తెలియడం లేదు. పాస్టరు గారిని అడగలేదు. ఆ హన్నమ్మగారు నువ్వు కూర్చునేదాకా మొదలుపెట్టనన్న చోట మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

సంపూర్ణమ్మ


మాంచెస్టర్,
22 మే 2025

అత్తయ్యకి,

మీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడుచుకుంటూ వచ్చాను.

మీ మీద కోపంతో రాసిన ఆ ఉత్తరంలో ఒక మాట దాచాను. మొదటిరోజు రేచల్ ఆ కంచం నా చేతికిచ్చినప్పుడు నాకూ గుండెల్లో కలుక్కుమంది. ఎందుకు విడిగా అని అడగలేదు. అడిగితే మీరు అనుకున్న జవాబే వస్తుందేమోనని భయం. ఆమె తన కాఫీ కప్పు బయట వదలడం చూశాకే నా ఊపిరి నాకు వచ్చింది. ఊరు దాటి హాస్టల్లో పెరిగినా ఆ భయం నాలోనూ ఎక్కడో ఉందన్నమాట. అది మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే మీరు అడగాల్సింది ఏమీ ఉండేది కాదు.

విచారణ అయిపోయింది. నా మీద ఏమీ లేదన్నారు. రేచల్ అదే రోజు ఫోన్ చేసి రమ్మంది. కాఫీ తాగుతూ, ఆఫీసరు అడిగిన మాటే అడిగింది. మీ ఉత్తరంలో సంగతి ఆమెకి చెప్పాను. మిమ్మల్ని అడగకుండా చెప్పాను, మన్నించండి. చూరు అన్నదానికి నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు, చేతులతో చూపించాను. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. "కంచం చేతికిస్తున్నప్పుడే ఎందుకో చెప్పి ఉండాల్సింది. మాకు అలవాటైపోయి, ఎదుటివాళ్ళకి అది ఎలా కనిపిస్తుందో మర్చిపోతాం," అంది. తర్వాత కొంచెం నవ్వి, "మా అమ్మమ్మ అయితే మెయిలు పెట్టించేది కాదు, తనే విమానం ఎక్కేది. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు," అంది.

ఇక రాయాలనిపించని సంగతి. నేను లేని ఆ వారాల్లో హన్నా గారు సరిగా తినలేదు. రెండుసార్లు పడిపోయారు. రేచల్ ఇక ధైర్యం చేయలేక వృద్ధుల హోమ్‌లో చేర్చింది. ఆ ఇల్లు ఇప్పుడు తాళం వేసి ఉంది. ఇది మీ ఒక్కరి వల్ల జరిగింది కాదు, జబ్బు ఎలాగూ ముదురుతోంది. మీ వల్ల కూడా జరిగిందన్నది దాచను. దాచితే మళ్ళీ నా బాగున్నాను అన్న మాటలాగే అవుతుంది.

ఆదివారం వెళ్ళి చూశాను. గుర్తుపట్టలేదు. సూపు తాగించాను, తాగారు. కంపెనీ ఇంకో ఇల్లు ఇచ్చింది. సెలవు రోజున ఆవిడ దగ్గరికి వెళ్తుంటాను.

మీరు అన్నం మానొద్దు. ఆయన చెప్పారు.

మీ కోడలు
డయానా


చల్లపల్లి,
11 జూన్ 2025

అమ్మా డయానా,

దాచకుండా రాసినందుకు నీ మీద నాకు గౌరవం పెరిగింది. హన్నమ్మగారి దగ్గరికి వెళ్ళినప్పుడు నా మాటగా చెప్పు. మా అత్తగారు మిమ్మల్ని పొరపాటుగా అనుకుంది, క్షమించమంటోంది అని. ఆవిడకి ఎక్కకపోయినా సరే, చెవిలో చెప్పు. రేచలమ్మకి మామిడికాయ పచ్చడి పంపిద్దామంటే ఆ ఇంట్లోకి బయటి వంట పోదన్నావు. అందుకని జెస్సీ చేత బొమ్మ వేయించి పంపుతున్నాను. కొండపల్లి ఏనుగు బొమ్మని చూసి వేసింది. అది తినేది కాదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక్కడ ఒకటి జరిగింది. నీ ఉత్తరం వచ్చిన రెండోరోజు నేను పద్మావతమ్మగారింటికి వెళ్ళాను. పెరటి వైపు నుంచి కాదు, వీధి గుమ్మంలోంచి. ఆవిడ వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు.

"ఏంటే సంపూర్ణా, ఇట్లా వచ్చావు?" అన్నారు.

"మీరు ఒక పూట మా ఇంట్లో భోంచెయ్యాలండీ. పిలవడానికొచ్చాను."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడు ఎందుకే అవన్నీ?"

"ఇన్నేళ్ళూ మీరు ఉగాది పచ్చడి తెచ్చిచ్చారు. నేను ఒక్కసారి కూడా తినలేదు. మల్లెపాదులో పోశాను. ఆ మాట మీకు చెప్పాలనిపించింది."

"నాకు తెలియదనుకున్నావా? నీ మల్లెచెట్టు మొదట్లో మామిడి ముక్కలు కనబడవా నాకు?" అన్నారు.

"మరి తెలిసి తెలిసి ఎందుకు తెచ్చారండీ?"

"అది తేకపోతే నీ గుమ్మందాకా రావడానికి నాకు ఇంకేం వంక ఉంది?" అన్నారు ఆవిడ. ఆ కంచు గ్లాసు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాసేపు కూర్చుని నేనూ నాలుగు పిక్కలు తీశాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. నేను మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు చేశాను. నీసు వండలేదు, అది ఆవిడ కోసం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఆవిడ ఒక్క నిమిషం నిలబడిపోయారు. ఇన్నేళ్ళలో ఆ గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. జెస్సీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను వడ్డించబోతే, "నువ్వు కూడా కూర్చో, నువ్వు నిలబడితే నేను తినలేను," అన్నారు. కూర్చున్నాను. ఆవిడ మొదటి ముద్ద కలిపి కంచం వైపు చూస్తూ ఉండిపోయారు. నేను జెస్సీ వైపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత తిన్నారు.

"పప్పులో ఉప్పు చాల్లేదే," అన్నారు.

ఉప్పు జాడీ ముందుకు జరిపాను. చెంచా కోసం లేవబోయేలోపల ఆవిడ చెయ్యి పెట్టి తీసుకున్నారు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. పెరుగన్నం కూడా తిని, చెయ్యి మన పంపు దగ్గరే కడుక్కున్నారు.

ఇంతవరకే అయితే నీకు సంతోషంగా రాసి ముగించేదాన్ని. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి మెల్లిగా, "మావాడికి తెలియనివ్వకే, గొడవ చేస్తాడు," అన్నారు. నేను, "నేను చెప్పనండీ, చెప్పాలనుంటే మీరే చెప్పుకోండి," అన్నాను. గేటు వేసి లోపలికొచ్చి అంట్లు తోముతుంటే మనసు మళ్ళీ బరువెక్కింది. దాక్కుని తినే భోజనం కూడా చూరు కింద భోజనంలాంటిదే కదా అనిపించింది. ఆవిడ పడే భయం కూడా నాకు అర్థమైంది. రెండూ ఒకేసారి అర్థమైతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

నిన్న సాయంత్రం వాళ్ళబ్బాయి వెంకటకృష్ణారావు మోటారుసైకిలు మన గేటు ముందు ఆగింది. నేను పిట్టగోడ దగ్గర బట్టలు తీస్తున్నాను. ఫిలిప్ ఇంట్లో లేడు. జెస్సీని లోపలికి వెళ్ళమన్నాను. నాకంటే ఎంతో చిన్నవాడు, నిక్కర్ల నాటినుంచీ నన్ను సంపూర్ణా అని, నువ్వు అనే పిలిచాడు. ఏమంటాడో, దానికి నేనేమనాలో అన్నీ మనసులో సిద్ధం చేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. బండి దిగలేదు. ఇంజను ఆపలేదు.

"అమ్మ మొన్న ఇక్కడ భోంచేసిందంట. తనే చెప్పింది," అన్నాడు.

"అవును బాబూ, నేనే పిలిచాను."

అతను కాసేపు హ్యాండిలు వైపు చూశాడు.

"అమ్మకి బీపీ ఉందండీ. ఉప్పు అడిగినా వెయ్యకండి," అని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సంపూర్ణమ్మ